ఫోనులో పాఠము: నాణ్యత ఎంత, బరువెంత?

గ్రామమునకు రోడ్డు వేయునపుడు దానిమీద ఏ బండ్లు నడచునో పంచాయతీ సభ్యులు ముందుగానే విచారింతురు. ఎడ్లబండికి సరిపోవు కల్వర్టుమీదికి పది టన్నుల లారీని ఎక్కించరాదని వారికి వేరుగ చెప్పనక్కరలేదు. నేడు గ్రామములకు మరియొక దారిగుండ కూడ సరకు వచ్చుచున్నది. ఆ దారి సెల్‌ఫోను సంకేతము. ఆ సరకు పాఠము. బడిపిల్లల లెక్కలు మొదలు పురుగుమందుల వాడకము వరకు, వార్డు సభ్యుల శిక్షణ మొదలు గర్భిణీ స్త్రీల ఆరోగ్యము వరకు అన్నియు వీడియోలుగను, ధ్వని పాఠములుగను, పుస్తకపు ఫైళ్ళుగను ఫోనులకు చేరుచున్నవి. ఈ దారి కంటికి కనబడదు. కావున దానిమీద ఎంత బరువు నడచునో ఆలోచించువారు తక్కువ.

పాఠము మరీ బరువైనచో పేద ఇంటి ఫోనుకు చేరదు. మరీ తేలిక చేసినచో, చేరియు చదువుకొనుటకు పనికిరాదు. ఈ రెండింటి నడుమ సరియైన తూకమును ఎట్లు కనుగొనవలెనో, అందు పంచాయతీ చేయదగిన పని ఏదియో ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ప్రసారమునకును ఇంటర్నెట్టునకును గల భేదము

దూరమునుండి పాఠము చెప్పుట మన ప్రాంతమునకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరముపాటు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రసారములో ఒకే బొమ్మకు రెండు ధ్వని మార్గములను జతచేసి, రెండు భాషలవారికి ఒకేసారి వినిపించుటకు వీలు కల్పించిరి. బొమ్మ మోయుట కష్టము, మాట మోయుట సులువు అను సత్యము ఆనాడే తేటపడినది. 1982లో దేశమునందలి మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదులో నెలకొన్నది. అదియే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము.

హైదరాబాదులో బౌద్ధనగర్ ఒక ప్రక్కను, తార్నాక మరియొక ప్రక్కను ఉండగా, నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము విస్తరించియున్నది. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమునందును, దాని చెంతనే 1958లో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థగ వెలసి 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైన సంస్థయందును దృశ్య శ్రవణ పాఠములను తయారుచేయు కేంద్రములు ఏర్పడినవి. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి కార్యక్రమమును ప్రారంభించిరి. దానికి పాఠములను సమకూర్చుటకే ఇట్టి కేంద్రములు దేశములో పలుచోట్ల వెలసినవి. 2017 జూలై 9న కేంద్ర ప్రభుత్వము స్వయం అను ఇంటర్నెట్టు పాఠముల వేదికను ప్రారంభించినది. టెలివిజన్ కొరకు పుట్టిన పాఠము ఈ విధముగ ఫోనులోనికి ప్రవేశించినది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు వచ్చినది. టెలివిజన్ ప్రసారము వానవంటిది. ఒక పొలముపై కురిసినను, వేయి పొలములపై కురిసినను మబ్బునకు శ్రమ ఒక్కటే. ఇంటర్నెట్టు బిందెలతో నీరు మోయుటవంటిది. పాఠము చూచు ప్రతి ఇంటికిని దాని మొత్తము బరువును వేరువేరుగ మోయవలెను. ఆ మోతకూలి చెల్లించువాడు పాఠము తయారుచేసినవాడు కాదు, చూచువాడు. పట్నములో బొమ్మ మరింత తళతళలాడవలెనని పెంచిన బరువునకు పల్లెలో కూలి కుటుంబము రీఛార్జి రూపమున వెల చెల్లించుచున్నది.

2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు ఈ భేదము అందరికిని అనుభవమునకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా విద్యావారధి పాఠములు, తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఇంటర్నెట్టు లేని ఇంటికి కూడ టెలివిజన్ పాఠము అందగలిగినది. అయితే టెలివిజన్ పాఠము ఒక వేళకు వచ్చి పోవును. పిల్లవాడు అర్థముకాని చోట ఆపి మరల చూచుటకు ఫైలే కావలెను. కావున ఫైలు బరువు సంగతిని తప్పక తెలిసికొనవలెను.

బరువు ఎట్లు కలుగును?

కంప్యూటరునకు బొమ్మ యనగా రంగుచుక్కల పట్టిక. పెద్ద బొమ్మలో 1,080 వరుసలు, ఒక్కొక్క వరుసలో 1,920 చుక్కలు ఉండును. అనగా ఇరువది లక్షలకు పైగా చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు మూడు బైట్లు కావలెను. సెకనుకు 25 బొమ్మల చొప్పున ఉన్నవి ఉన్నట్లు దాచినచో, అరగంట పాఠము సుమారు 280 గిగాబైట్లగును. ఇంతటి దానిని ఏ ఫోనును మోయలేదు. అందుచేత ప్రతి వీడియోను కుదించియే పంపుదురు.

కుదించు విద్యకు పునాది వేసిన వారిలో తెలుగు పేరుగల శాస్త్రజ్ఞుడు ఒకరు ఉండుట మనకు సంతోషకరము. అమెరికాలో ఆర్లింగ్టన్ నగరమునందలి టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగ పనిచేసిన కామిశెట్టి రామమోహనరావుగారు, నాసిర్ అహమ్మద్, టి. నటరాజన్‌గార్లతో కలిసి 1974 జనవరిలో ఒక గణిత పద్ధతిని ప్రకటించిరి. 1992లో వెలువడిన జేపెగ్ ఛాయాచిత్ర ప్రమాణము ఆ పద్ధతిపైననే నిలిచియున్నది. వీడియోను కుదించు పద్ధతులలో కూడ పెక్కింటికి అదియే ఆధారము. జేపెగ్ బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల గళ్ళుగ విభజించును. ఒక్కొక్క గడిలో రంగు నెమ్మదిగ మారు భాగమును, చకచక మారు సన్నని వివరములను వేరుచేయును. మన కన్ను మొదటిదానిని బాగుగ పట్టును, రెండవదానిని అంతగ పట్టదు. కనుక సన్నని వివరములలో కొంత విడిచినను బొమ్మ చెడదు. మితిమీరి విడిచినచో ఆ గళ్ళే బయటపడును. సంకేతము తక్కువైనపుడు ఫోనులో బొమ్మ చదరములుగ విడిపోవుటను సభ్యులు చూచియే యుందురు.

వీడియోకు మరియొక ఉపాయము గలదు. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ మారిన భాగమును మాత్రమే పంపిన చాలును. ఉపాధ్యాయుని వెనుక గోడ కదలదు గనుక దానిని మాటిమాటికి పంపనక్కరలేదు. ఈ ఉపాయములన్నిటిని కూర్చిన హెచ్.264 అను పద్ధతి 2003లో ప్రమాణముగ వెలువడినది. తరువాత ఇంకను తేలికచేయు పద్ధతులు వచ్చినవి గాని, వానిని పాత ఫోనులు కొన్ని విప్పలేవు. పదిమందికి చేరవలసిన పాఠమునకు హెచ్.264 పద్ధతియే నేటికిని క్షేమము.

లెక్క వేయు విధము

వీడియో బరువును లెక్కించుట కష్టము కాదు. సెకనుకు ఎన్ని కిలోబిట్లు పంపుచున్నామో ఆ సంఖ్యను పాఠపు నిమిషములచే హెచ్చించి, వచ్చిన దానిని 133 చేత భాగించిన యెడల మెగాబైట్లు తేలును. అరగంట పాఠమునకు కొన్ని ఉదాహరణములు:

1,080 వరుసల బొమ్మ, సెకనుకు 4,000 కిలోబిట్లు: సుమారు 900 మెగాబైట్లు.
720 వరుసల బొమ్మ, 1,500 కిలోబిట్లు: సుమారు 337 మెగాబైట్లు.
360 వరుసల బొమ్మ, 500 కిలోబిట్లు: సుమారు 112 మెగాబైట్లు.
మాట మాత్రము, 32 కిలోబిట్లు: సుమారు 7 మెగాబైట్లు.
అదే పాఠము వ్రాతరూపమున: 100 కిలోబైట్లకు లోపు, అనగా మెగాబైటులో పదవ వంతు.

ఒక ఇంటిలో ఒకే ఫోను, దినమునకు ఒక గిగాబైటు డేటా ఉన్నదనుకొందము. మొదటి రకమున ఒక్క పాఠముతోనే ఆనాటి డేటా తీరిపోవును. అన్న చూచిన పిమ్మట చెల్లెలికి మిగులదు. రెండవ రకమున రెండు పాఠములు చూడవచ్చును. మూడవ రకమున ఎనిమిది పాఠములు చూడవచ్చును. కాలము సంగతియు ఇట్లే. ఊరి చివర సంకేతము సెకనుకు రెండు మెగాబిట్లే అందుచున్నచో, మొదటి రకపు పాఠము దిగుటకు పూర్తిగ ఒక గంట పట్టును; మూడవది ఏడున్నర నిమిషములలో దిగును. ఇట్టి చోట పెద్ద బొమ్మ కొరకు పట్టుపట్టుట మింగ మెతుకు లేనివాడు మీసాలకు సంపెంగ నూనె వెదకినట్లుండును.

తేలిక చేయుటలో ప్రమాదము

అట్లని బరువు తగ్గించుటయే పరమార్థమని తలంపరాదు. కంటికి అందని వివరము విడిచిన నష్టములేదు. పాఠమునకు ప్రాణమైన వివరము విడిచినచో కీడు కలుగును.

మన లిపిలో ద, ధ, థ అక్షరములకు భేదము చిన్న గీత, చిన్న చుక్క. ప, ఫ, ష అక్షరములును అట్టివే. అక్షరము క్రింద ఒత్తులు మరింత చిన్నవి. ఆంగ్లమునకు సరిపోవు బొమ్మ తెలుగు వ్రాతకు చాలకపోవచ్చును. ఇంకను ఘోరమైనది దశాంశ బిందువు సంగతి. లీటరు నీటికి 2.5 మిల్లీలీటర్ల మందు కలుపవలెనని బల్లపై వ్రాసినారనుకొనుడు. కుదింపులో ఆ చుక్క చెరిగిన యెడల రైతు కంటికి 25 అని తోచును. పదింతలు మందు పడిన పైరు గతి, ఆ మందు కొట్టిన మనిషి గతి ఏమగునో చెప్పనక్కరలేదు. బిడ్డకు పట్టవలసిన మందు మోతాదు విషయమున ప్రమాదము మరింత పెద్దది. కావున ఇట్టి అంకెలను పెద్దవిగ వ్రాయవలెను. “రెండున్నర” అని అక్షరములలోను చూపవలెను. నోటితో రెండుమారులు పలుకవలెను.

ధ్వనియందును హద్దు కలదు. పాత టెలిఫోను తీగ సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల వరకు గల ధ్వనులనే మోసెడిది. మనిషి మాట అర్థమగుటకు అది చాలును గాని, “స” వంటి ఊష్మ ధ్వనుల బలము చాలవరకు అంతకు పైననే ఉండును. ఫోనులో పేరు చెప్పునపుడు ఆంగ్లపు ఎస్, ఎఫ్ అక్షరములు ఒకదానికొకటిగ వినబడుటకు ఇదియే కారణము. ఆంగ్ల ఉచ్చారణ నేర్పు పాఠమున బొమ్మను ఎంత తగ్గించినను నష్టము స్వల్పము. ధ్వనిని తగ్గించినచో పాఠమే లేదు.

ఏ పాఠమునకు ఏది ప్రాణము?

ఒకరు కూర్చుండి చెప్పు ఉపన్యాసమునకు మాట ప్రాణము. దానికి చిన్న బొమ్మ చాలును; ధ్వని ప్రతి ఒకటి వేరుగ ఇచ్చుట ఇంకను మేలు. ఒకే గొంతు వినబడు పాఠమునకు రెండు చెవులకు వేరువేరు ధ్వని మార్గములు అనవసరము.

నల్లబల్ల పాఠమునకు అక్షరము ప్రాణము. బొమ్మలో కదలిక తక్కువ గనుక వరుసలు ఎక్కువగ నుంచి, సెకనుకు బొమ్మల సంఖ్యను పది పదిహేనుకు తగ్గింపవచ్చును. బల్లపై ఒకమారు ఆరేడు పంక్తులకు మించి వ్రాయకుండిన చిన్న ఫోనులో కూడ చదువనగును.

మామిడి అంటు కట్టుట, కుట్టుపని, పంపుసెట్టు మరమ్మతు వంటి చేతిపనులకు కదలిక ప్రాణము. ఇక్కడ బొమ్మ స్పష్టతకై బరువు వెచ్చించుట న్యాయము. అయితే అరగంట సేపు అదే బరువు అక్కరలేదు. కత్తి ఎట్లు దిగవలెనో చూపు మూడు నిమిషముల తునకను స్పష్టముగ ఇచ్చి, తక్కిన వివరణను ధ్వనిగ ఇచ్చిన సరిపోవును.

పుస్తకపు పాఠమునకు వ్రాత ప్రాణము. ఒక పుటను ఫోటోగ తీసి పంపుట మన కార్యాలయములలో పెద్ద అలవాటు. తెలుగు అక్షరములను కంప్యూటరులో టైపుచేసినచో ఒక సంకేతమునకు మూడు బైట్లు. పుట మొత్తము ఐదారు కిలోబైట్లలో ముగియును. అదే పుట రంగు ఫోటోగ తీసినచో దానికి వందల రెట్లు పెరుగును. పైగా ఫోటోలోని మాటను వెదకుటకు వీలుండదు, కన్ను కనబడనివారికి ఫోను చదివి వినిపించుటయు కష్టము. గీతలతో గూడిన పటములను, పట్టికలను జేపెగ్ రూపమున కాక పీఎన్‌జీ రూపమున దాచినచో అక్షరపు అంచులు మసకబారవు.

చిత్రీకరణలోనే పొదుపు

బరువు తగ్గించుట కంప్యూటరు ముందు కూర్చున్న తరువాత మొదలగు పని కాదు. పంచాయతీయో, పాఠశాలయో, మహిళా సంఘమో స్వయముగ పాఠమును చిత్రించునపుడు ఈ నియమములను పాటింపవలెను.

ఫోనును చేతితో పట్టుకొనక స్టాండుపై నిలుపవలెను. చేయి వణకినచో బొమ్మలోని ప్రతి చుక్కయు కదలును, అదంతయు బరువే. వెనుక చెట్ల ఆకులు, తిరుగు ఫ్యాను, ఎగురు తెర ఉండరాదు. సాదా గోడ మేలు. వెలుతురు చక్కగ నుండవలెను. చీకటిలో తీసిన బొమ్మలో ఇసుక చల్లినట్లు చుక్కలు మెరయుచుండును. కంప్యూటరు వానిని కూడ కదలికగ భావించి మోయును. మైకు నోటికి దగ్గరగ నుండవలెను. గది ప్రతిధ్వనించినచో ఎన్ని కిలోబిట్లు పెంచినను మాట తేటపడదు. ఆరంభమున పాట, తిరుగు అక్షరముల పేర్లు, నమస్కారముల వరుస అనవసరము. రెండు నిమిషముల ఆడంబరము తీసివేసిన అరగంట పాఠమున పదునైదవ వంతు బరువు ఉచితముగ తగ్గును.

పంచాయతీ చేయవలసిన పనులు

1. కొలత గ్రామమునుండి రావలెను. ఊరిలో సంకేతము అతి తక్కువగ నుండు వాడను, ఆ వాడలో అతి పాత ఫోనును గుర్తించి, ఏ పాఠమునైనను ముందు దానిలో చూడవలెను. చూచువారు ఆ ఇంటి పిల్లలే కావలెను. బల్లమీది అంకెలను వారిచేత పైకి చదివించిన యెడల సరియైన పరీక్ష జరిగినట్లగును.

2. శాఖలవారు పాఠములు పంపునపుడు మూడు ప్రతులు కోరవలెను: స్పష్టమైన పెద్ద ప్రతి, ఫోనుకు చిన్న ప్రతి, ధ్వనితో కూడ వ్రాత ప్రతి. ప్రతి ఫైలు ప్రక్కన దాని బరువు మెగాబైట్లలో వ్రాసియుండవలెను. దుకాణములో పొట్లముపై తూకము లేక సరకు కొనము గదా! పాఠమునకును అదే నియమము.

3. పెద్ద ప్రతిని ఊరు మొత్తమునకు ఒక్కసారి తెచ్చుకొనవలెను. 2011లో ఆమోదము పొంది, 2015లో భారత్‌నెట్ అను పేరు దాల్చిన పథకము ప్రతి గ్రామ పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల మార్గమును ఉద్దేశించినది. ఆ వేగము నిజముగ అందుచోట 900 మెగాబైట్ల పాఠము ఒక నిమిషము పైచిలుకులో దిగును. కాలువ నీటితో చెరువు నింపి పొలములకు వదలినట్లు, ఆ ఫైలును పంచాయతీ కార్యాలయమునందో గ్రంథాలయమునందో నిలువచేసి, మెమరీ కార్డుల ద్వారాను, వైఫై ద్వారాను ఇంటింటికి అందింపవచ్చును. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు ముందుగనే నింపిన ట్యాబులు పంచిరి. ఫైలు చేతికి చేరిన పిమ్మట చూచుటకు డేటా ఖర్చు లేదు.

4. మూల ప్రతిని విత్తనపు గింజవలె భద్రపరుపవలెను. కుదించినదానిని మరల కుదించినచో ప్రతిమారును కొంత వివరము నశించును. పోయినది తిరిగి రాదు. చిన్న ప్రతి ఎప్పుడు కావలసినను మూల ప్రతినుండియే తీయవలెను. వాట్సాప్‌లో వీడియోగ పంపునపుడు సాధారణముగ అది మరల కుదింపబడును. డాక్యుమెంటుగ పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును.

5. మోతాదులు, తేదీలు, రుసుములు, దరఖాస్తు గడువులు ఉన్న పాఠమునకు వ్రాత ప్రతి తప్పనిసరి చేయవలెను. దానిని కార్యాలయపు నోటీసు బోర్డుపై అంటించినచో ఫోను లేనివారికి కూడ పాఠము అందును.

6. నెలకొకమారు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చింపవలెను. ఎన్ని పాఠములు వచ్చినవి, ఎవరికి దిగలేదు, ఏ అక్షరము కనబడలేదు అను మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి సంబంధిత శాఖకు పంపవలెను. పాఠము తయారుచేయువారు పట్నమునందు వేగమైన మార్గముపై, పెద్ద తెరపై దానిని చూచుకొందురు. ఊరి చివరి ఇంటిలో అది ఎట్లు కనబడుచున్నదో సభ్యులు తెలిపిననే గాని వారికి తెలియదు.

మంచినీటి కుళాయి పనితీరును ట్యాంకు దగ్గర నిలబడి నిర్ణయింపరాదు. చివరి వీధిలోని కుళాయికి నీరు వచ్చినదా, వచ్చిన నీరు త్రాగదగియున్నదా అని విచారింతుము. పాఠమునకును ఆ రెండు ప్రశ్నలే వర్తించును: చివరి ఇంటికి చేరినదా? చేరినది చదువదగియున్నదా? ఈ రెండింటికిని అవునను సమాధానము వచ్చువరకు పాఠము ప్రకటింపబడినట్లు పంచాయతీ సభ్యులు అంగీకరింపరాదని మా మనవి.